చుట్టుకు ఆరు వేళ్లు

ములుగు రోడ్డు మీద మా కొట్టు.
రేకుల కింద రెండు జాకీలు, గాలి మిషను, పంచరు తొట్టి,
గోడ మీద సుద్దతో రాసుకున్న బాకీలు.
నా పేరు అంకూస్.
ఇరవై రెండేండ్ల సంది
మందికి చక్రాలు బిగిస్తున్న,
నేనైతే జనగామ దాటి పోలే.

పోయిన మాఘంల
సోమలచ్చమ్మ లారీకి ఆరు టైర్లు మార్చిన.
పాతయి తొమ్మిది-ఇరవై, కొత్తయి పది-ఇరవై.
బేరంల దొరికినయ్.
"పడుతయారా?" అన్నది.
"పట్టినయమ్మా" అన్న.
నట్లు బిగిస్తుంటే యాదికి రానే వచ్చింది
మీటరు సంగతి.
గప్పుడే ఇంకో బండి వచ్చింది, బోల్టు విరిగి.
మాట పానాలల్ల పడిపోయింది.

డ్రైవరు ఓదెలు
మహదేవపురం కెల్లి ఇసుక తెస్తడు.
మొదటి దెబ్బ గూడెప్పాడు కాడ:
ముల్లు అరవై దాటలేదని ఒట్టేసిండు,
చలాను కాయితం అరవై రెండన్నది.
కెమెరాకు కండ్లద్దాలు కావాలెనని
చాయ్ తాక్కుంట నవ్వుకున్నం.

రెండో దెబ్బకు నవ్వు రాలే.
సోమలచ్చమ్మ కాడ ఎర్రట్ట పుస్తకం ఉంటది.
లీటరుకు నాలుగు కిలోమీటర్ల బండి అది,
ఇప్పుడు మూడూ ఎనభై అయిదు.
పోను రెండు, రాను రెండు అని కాదు,
రానుపోను కలిపి రెండు లీటర్లు,
నెల తిరిగేసరికి యాభై.
"పైపు యాడ దాసినవ్ ఓదెలూ?"
హమాలీల ముందటనే అడిగింది.
జీతంల అయిదు వేలు కోసింది.

ఓదెలు కొట్లాడలే.
తెల్లారి రాళ్లు లెక్కవెట్టుకుంట వచ్చిండు,
పసుపు నెత్తివి, పచ్చ నెత్తివి,
తంగేడు పొదల్ల మునిగినయి,
ఎవలో బర్రెను కట్టేసినయి గూడ.
రాళ్ల లెక్క నూటపదిహేను.
మీటరు లెక్క నూటపదకొండు.
నా కొట్టు ముందట బండి ఆపి, దిగకుంట,
"నాలుగు కిలోమీటర్లు యాడ పారేసుకున్ననే అంకూస్?"
అన్నడు.

నేను పానా కింద పెట్టిన.

ఆమెను పిలిపించిన.
టైరు మీద ఒక గీత, నేల మీద ఒక గీత.
బండిని దొబ్బినం.
గీత ఒక్క చుట్టు తిరిగొచ్చి మట్టిని ముట్టింది.
సుతిలితాడు ఒక కొస నా కాడ, ఇంకో కొస ఆమె కాడ.
మోకాళ్ల నొప్పులని యాడా కూసోని మనిషి
నూనె మరకల మీద గొంతుకూసున్నది.
కొట్ల ఉన్న కొత్త తొమ్మిది-ఇరవైని గూడ అట్లనే పొర్లిచ్చినం.
దాని తాడు పొట్టి,
ఆరు వేళ్లంత.

"గింతేనా?" అన్నది.
"చుట్టుకు గింతే అమ్మా.
మీటరు నేలను సూడదు.
గేరుబాక్సు ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కవెట్టి
పాత టైరు కొలత తోనే చెప్తది.
టైరు మారిందని దానికెరుక లేదు.
నాకెరుక. నేను చెప్పలే."

ఆమె పుస్తకం తెరిచి
నూటికి మూడున్నర కలుపాలె అని రాసుకున్నది.
నడుము సంచి విప్పి, తడి వేలితో నోట్లు రెండుసార్లు లెక్కవెట్టి
ఓదెలు జేబుల పెట్టింది.
చెయ్యి జేబుల జరసేపు ఎక్కువనే ఉన్నది.
మాట మాత్రం రాలే.
హమాలీలు ఆనాడు పనికి రాలే.

"మీటరు సక్కగ కాదా?" అన్నడు ఓదెలు.
"అయితది. టైరు అరుగుతుంటే చుట్టు చిన్నగైతది,
ముల్లు రోడ్డు దగ్గరికొస్తది.
రెండు లెక్కలు కలిసేటాల్లకు
టైరు బోడిగుండైతది, మళ్ల మార్చాలె."
గప్పుడు నవ్విండు, ఎన్నడో మరిచిన నవ్వు.
పెండ్లాం బొట్టుబిళ్ల ఒకటి తెచ్చి
మీటరు అద్దం మీద యాభై ఎనిమిది కాడ అంటించుకున్నడు.
అది దాటితే చలాను.

ఇప్పుడు ఎవలొచ్చినా
జాకీ పెట్టకముందే మీటరు ముచ్చట చెప్తున్న.
సగం మంది ఫోను సూసుకుంటరు.

గోడ మీద బాకీలల్ల,
ట్యూబుల సారయ్య మూడు వందల కింద
ఇంకో గీత రాసిన:
ఓదెలుకు నాలుగు కిలోమీటర్లు.
నేనియ్యాల్సినయి.
వానకాలం జల్లుకు మిగతావన్నీ సగం చెరిగినయ్.
దాని మీద మళ్ల సుద్ద దిద్దిన.